గురుశుశ్రూష - లారీ క్లీనరు

'శుశ్రూష' అనే మాటకు నేడు మనం చెప్పుకొంటున్న అర్థం సేవ. ఆ మాట పుట్టుకలో మాత్రం సేవ లేదు. 'శ్రు' ధాతువుకు వినడమని అర్థం. వినాలనే కోరిక శుశ్రూష. గురువు ఇంట కట్టెలు కొట్టి, పశువులు కాచి, పొలంగట్టు కాపాడితేగాని వినే అవకాశం దక్కనప్పుడు, క్రమంగా ఆ చాకిరీయే మాటకు అర్థమై కూర్చున్నది. మాట అర్థం మారిందంటే దాని వెనుక మనుషుల మధ్య ఏదో సంబంధం మారి ఉంటుంది. ఆ మార్పును కళ్ళారా చూడదలచినవారు ప్రాచీన గురుకులాలను వెదకనక్కరలేదు. జాతీయ రహదారిమీద ఆగిన లారీ ఎడమవైపు సీటులో ఎవరు కూర్చున్నారో చూస్తే చాలు.

ఆ సీటు క్లీనరుది. పేరుకు తుడిచేవాడే గాని అతని పని తుడవడంతో ఆగదు. మన లారీకి స్టీరింగు కుడివైపున ఉంటుంది. ఎడమపక్కన పోయే సైకిలు, మేక, మనిషి డ్రైవరు కంటికి సరిగా ఆనరు. ఆ ఎడమకన్ను క్లీనరు. ఘాట్‌లో బండి ఆగితే దిగి చక్రం కింద దుంగ పెట్టేవాడు, బండిని వెనక్కు తీసేటప్పుడు వెనుక నిలబడి కేకవేసేవాడు, జాకీ ఎత్తి టైరు మార్చేవాడు, సరుకుమీద పట్టా కప్పి తాడు బిగించేవాడు అతడే. ఇవి లారీ పనులు. వీటికి తోడు డ్రైవరు బట్టలు ఉతకడం, అన్నం వండడం, కాళ్ళు పిసకడం కూడా అతని పద్దులోనే పడతాయి. ఇవి లారీ పనులు కావు, గురుదక్షిణ. ఉత్తరాదిన, హైదరాబాదు ప్రాంతంలో డ్రైవరును ఉస్తాద్ అంటారు. కోస్తాలో గురువుగారనడం విన్నాను. పేరు ఏదైనా ఒప్పందం ఒకటే: 'నీవు చాకిరీ చెయ్యి, నేను స్టీరింగు ఇస్తాను.' ఎప్పుడు ఇచ్చేదీ ఆ ఒప్పందంలో లేదు.

ఇది ఎలా ఏర్పడింది? 1914 మోటారు వాహనాల చట్టం నాటినుంచీ ఈ దేశంలో లైసెన్సు లేనిదే బండి నడపరాదు. కాని ఆ విద్యను ఎవరి ఖర్చుతో, ఎవరు నేర్పాలన్న ప్రశ్న చాలాకాలం ఎవరికీ పట్టలేదు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకొన్న లారీలు అంగడికి వచ్చాయి. తరువాత ప్రణాళికల కాలంలో సిమెంటు, ఎరువులు, ధాన్యం రోడ్డెక్కాయి. డ్రైవర్లు వేలసంఖ్యలో కావలసివచ్చారు. లారీ కొన్నవాడు బడి పెట్టలేదు. పెట్టవలసిన అవసరం అతనికి రాలేదు. కమ్మరి కొలిమిలో, వడ్రంగి పందిట్లో తరతరాలుగా సాగుతున్న పద్ధతి తనంతతానే క్యాబినులోకి ఎక్కింది. యంత్రం కొత్తది, సంబంధం పాతది. ఒక్క తేడా ఉన్నది. కొలిమి ఊరి మధ్య ఉంటుంది. పిల్లవాడు కేక పెడితే వినడానికి నలుగురున్నారు. క్యాబిను రెండు తలుపుల గది. ఊరికి 500 కిలోమీటర్ల దూరాన అర్ధరాత్రి పరుగెత్తే ఆ గదిలో కేక వినేవాడు లేడు.

ఈ ఏర్పాటువల్ల ఎవరికి లాభం? యజమానికి దమ్మిడీ ఖర్చు లేకుండా రేపటి డ్రైవరు తయారవుతున్నాడు. నేర్పినందుకు డ్రైవరుకు జీతం పెరగదు; దానికి బదులుగా ఒక పనివాడు దొరుకుతున్నాడు. పిల్లవాడు తన చదువుకు తానే రుసుము చెల్లిస్తున్నాడు. ఆ రుసుములో కొంతభాగం వీపుతో చెల్లిస్తున్నాడు. కనుక 'ఆ డ్రైవరు దుర్మార్గుడు' అని తీర్పు చెప్పి ఊరుకోవడం సులభమే గాని సరిపోదు.

చట్టం ఏమి చేసింది? 1961లో పార్లమెంటు రెండు చట్టాలు చేసింది. అప్రెంటిసుల చట్టం నేర్చుకొనేవానికి రాతపూర్వకమైన ఒప్పందం, భత్యం ఉండాలన్నది. మోటారు రవాణా కార్మికుల చట్టం క్లీనరును పేరుపెట్టి కార్మికుడన్నది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పనివేళలుగా నిర్ణయించింది. కాని ఆ రెండో చట్టం అయిదుగురికి తక్కువకాకుండా పనివారున్న సంస్థలకే వర్తించేది. రెండు లారీల యజమాని దగ్గర ఇద్దరు డ్రైవర్లు, ఇద్దరు క్లీనర్లు - నలుగురే. ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప చట్టం ఆ గుమ్మం తొక్కదు. మన రోడ్లమీద ఇటువంటి చిన్న యజమానులే ఎక్కువ. ఇప్పుడు ఆ చట్టం 2020 నాటి వృత్తిభద్రతా కోడులో కలిసిపోయింది.

1988 మోటారు వాహనాల చట్టంలో మరొక చిక్కు ఉన్నది. రవాణా వాహనం నడపాలంటే 20 ఏండ్లు నిండాలి. అది నేర్చుకొనే లైసెన్సు పొందాలన్నా అంతకుముందు కనీసం ఏడాదిపాటు చిన్న వాహనం లైసెన్సు ఉండాలి. నిబంధన మంచిదే. కాని 17 ఏండ్ల క్లీనరుకు రాత్రివేళ ఖాళీరోడ్డుమీద ఉస్తాదు స్టీరింగు అందిస్తే, చట్టం దృష్టిలో ఆ పాఠమే నేరం. ఇక దెబ్బలు తిన్నవాడు ఎవరికి చెప్పుకొంటాడు? ఫిర్యాదు చేయాలంటే ముందు తన నేరం తాను ఒప్పుకోవాలి.

'కొట్టకపోతే విద్య రాదు' అనే వాదం ఉన్నది. దీన్ని నేను మొదట విన్నది మా మేనమామ నోట. ఆయన 1980వ దశకంలో విజయవాడలో క్లీనరుగా లారీ ఎక్కి, ఆరేండ్ల తరువాత డ్రైవరయ్యాడు. "కొట్టబట్టే నేర్చుకొన్నాను, అల్లుడూ" అనేవాడు. "ఏ దెబ్బకు ఏమి నేర్చుకొన్నావు, మామయ్యా?" అని ఒకసారి అడిగాను. తునిలో మోచేతిమీద స్పానరు దెబ్బ, ఒంగోలులో టీ చల్లారిందని మొట్టికాయలు - ప్రతి దెబ్బా ఊరి పేరుతో గుర్తున్నది. పాఠం ఒక్కటీ గుర్తులేదు. మరి గేరు మార్చడం ఎలా వచ్చింది? రాత్రిళ్ళు ఎడమసీటులో కూర్చుని ఇంజను చప్పుడు వింటూ, గొంతు మారగానే తువ్వాలు కింద తన మోకాలిమీద పిడికిలి కదిపేవాడట. అదే క్షణంలో గురువు గేరు మారిస్తే లోలోపల సంతోషించేవాడట. అంటే ఆయనకు విద్య వచ్చింది వినడంవల్ల. శుశ్రూష అన్న మాటకు మొదటి అర్థం అదే. దెబ్బ విద్యకు దారి కాదు, దారిలో వసూలు చేసిన సుంకం.

ఆ సుంకాన్ని తప్పించుకోవడానికి క్లీనర్లకున్న ఉపాయాలు తక్కువ. నోరు మూసుకోవడం ఒకటి. పెద్ద మార్కెట్టు యార్డులో దిగి మరొక లారీ ఎక్కడం రెండోది. కాని కొత్త గురువు దగ్గర మళ్ళీ బట్టలుతకడంతో మొదలుపెట్టాలి. పాత బండిమీద నేర్చినదానికి కాగితం లేదు, సాక్షి లేడు. నేర్చుకొన్నాడని చెప్పగలిగినవాడు కొట్టినవాడొక్కడే. ఈ బంధానికి అసలు ముడి ఇక్కడ ఉన్నది.

మరొక కారణాన్నికూడా గమనించాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు డ్రైవింగ్ స్కూలు బండిలో నేర్పేవానికి కూడా బ్రేకు అందేటట్లు రెండు నియంత్రణలు ఉండాలన్నవి. మామూలు లారీలో ఆ రెండో బ్రేకు లేదు. కుర్రవాడు తడబడితే డ్రైవరు ఉద్యోగం, లైసెన్సు, ఒక్కొక్కప్పుడు ప్రాణంకూడా పోతాయి. కాలికి బ్రేకు అందనివాడు చేతికి అందిన వీపుమీద విరుచుకుపడుతున్నాడు. ఇది సమర్థన కాదు. భయం ఎక్కడ పుట్టి ఎక్కడ దిగుతున్నదో చెప్పడం మాత్రమే.

ఇదే రోడ్డుమీద మరొక సంబంధం సాధ్యమని బస్సు రుజువు చేసింది. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా ప్రారంభించింది. ఆ వారసత్వంమీదనే 1958లో ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఏర్పడింది. అక్కడ డ్రైవరుకూ కండక్టరుకూ వేరువేరు పని, వేరువేరు జీతం, ఇద్దరికీ ఒకే యూనియను. కండక్టరు డ్రైవరుకు బాకీ లేడు. బస్సు నడిపేవాడు పుట్టుకతో మంచివాడు, లారీ నడిపేవాడు చెడ్డవాడు అనగలమా? మారింది మనిషి కాదు, ఏర్పాటు.

మహాభారతం ఆదిపర్వంలోని పౌష్యోపాఖ్యానంలో ధౌమ్యుని శిష్యుల కథలున్నవి. గండిపడిన గట్టుకు అడ్డంగా పడుకొన్న ఆరుణిని, ఆకలికి జిల్లేడు ఆకులు తిని కళ్ళు పోగొట్టుకొన్న ఉపమన్యుని మనం గురుభక్తికి ఆదర్శంగా పిల్లలకు చెబుతూ వచ్చాం. మూడవవాడైన వేదుణ్ణి మరచిపోయాం. అతడు గురువు ఇంట ఎద్దులాగా బరువులు మోశాడు. ఎండకూ చలికీ ఆకలికీ ఓర్చుకొన్నాడు. తాను గురువైన తరువాత, ఆ బాధ తనకు తెలుసును గనుక, శిష్యులకు ఏ చాకిరీ చెప్పలేదు. నా దృష్టిలో ఆ ముగ్గురిలో గొప్పవాడు వేదుడు. గొలుసు తన దగ్గర తెంచినవాడు అతడే.

అయితే వేదుడు పుట్టేదాకా ప్రతి క్లీనరూ వేచి ఉండాలనడం న్యాయం కాదు. రవాణా లైసెన్సుకు అడ్డుగా ఉన్న ఎనిమిదో తరగతి నిబంధనను 2019లో తొలగించారు. 2021లో గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలకు నిబంధనలు వచ్చాయి. మంచిదే. కాని ఆ కేంద్రం రుసుము కూలివాని కొడుకు ఇవ్వలేడు. రేపు అతని శ్రమతో లాభపడే రవాణా వ్యాపారమే ఇవ్వాలి. ఎడమసీటులో గడిపిన ప్రతి నెలకూ అతని పేరున కాగితం ఉండాలి. అతని జీతం డ్రైవరు చేతిగుండా కాక నేరుగా అతని చేతికి రావాలి. ఫిర్యాదు చేసిన నేర్చుకొనేవాణ్ణి ముందు ముద్దాయిని చేయరాదు. ఇవి జరిగిననాడు నేర్పేవాడు గురువుగా మిగులుతాడు, దొరగా కాదు. శుశ్రూష అనే మాటకు దాని పాత అర్థం తిరిగి దక్కుతుంది.