కారు రంగుపై రక్షణ పూతలు: గట్టిపడే తీరు, గీతలను తట్టుకునే గుణం

కారు రేకును తుప్పు నుంచి, ఎండ నుంచి, రాపిడి నుంచి కాపాడే పలుచని పొరలను రక్షణ పూతలంటారు. నేటి కారు తలుపు మీద అడుగున తుప్పును ఆపే ప్రైమరు, దానిపైన రంగు, అన్నిటికన్నా పైన రంగులేని క్లియర్ కోటు ఉంటాయి. ఈ క్లియర్ మందం సాధారణంగా 40 నుంచి 50 మైక్రాన్లు మాత్రమే. కంటికి కనిపించే మెరుపంతా దానిదే, గీతలు పడేదీ దాని మీదే. ఆపైన మైనం, సిలికా ఆధారిత ‘సిరామిక్’ పూత, పాలీయురిథేన్ ఫిల్ము లాంటివి అదనంగా వేయించుకుంటారు. వీటిని అమ్మేచోట ముందు వినిపించేది కాఠిన్యం అంకె. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో, అంటే 2022 ఏప్రిల్ తర్వాత పల్నాడు, బాపట్ల జిల్లాలుగా కూడా విడిపోయిన ఈ పత్తి, మిరప నేలల్లో, ఆ అంకెను నమ్ముకుని డబ్బు పోసేవారు ఎక్కువవుతున్నారు. పూత గీతను ఎంతవరకు ఆపుతుందో ఆ అంకె చెప్పలేదు. పూత వేశాక అది పూర్తిగా గట్టిపడిందా లేదా అన్నదే అసలు ప్రశ్న. కారు రంగుల వందేళ్ల చరిత్రను వరసగా చూస్తే ఈ మాటకు ఆధారాలు దొరుకుతాయి.

తొలి కార్లకు గుర్రపు బగ్గీలకు వేసినట్టే అవిసె నూనె కలిసిన వార్నిష్‌లు కుంచెతో పూసేవారు. నూనె గాలిలోని ఆక్సిజన్‌ను నెమ్మదిగా పీల్చుకుని గట్టిపడుతుంది కాబట్టి ఒక్కో కారు రంగు పూర్తి కావడానికి వారాలు పట్టేది. ఆ అడ్డంకిని తొలగించింది పత్తి. జిన్నింగు మిల్లులో దూది వేరుచేశాక గింజను అంటిపెట్టుకుని పొట్టి నూగు మిగులుతుంది. నూనె మిల్లుల్లో ఆ నూగును గీకి తీస్తారు. దీన్ని లింటర్లంటారు. బట్ట నేయడానికి పనికిరాని ఈ నూగు దాదాపు స్వచ్ఛమైన సెల్యులోజు. నత్రికామ్లం, గంధకామ్లం కలిపిన మిశ్రమంలో దాన్ని నానబెడితే నైట్రోసెల్యులోజు వస్తుంది. 1846లో జర్మన్-స్విస్ రసాయన శాస్త్రవేత్త షోన్‌బైన్ ప్రకటించిన ఈ పదార్థం మొదట తుపాకి మందుగా పేరుపడింది. నైట్రోజన్ పాలు తగ్గించి చేస్తే అదే ద్రావకాల్లో కరిగే రంగు మూలమవుతుంది. అమెరికాలోని డ్యూపాంట్ సంస్థ 1920ల మొదట్లో పలుచగా కరిగే నైట్రోసెల్యులోజును సాధించి ‘డ్యూకో’ పేరుతో లాకరు తెచ్చింది. జనరల్ మోటార్స్ దాన్ని 1924 మోడల్ ఓక్లాండ్ కార్లకు వాడింది. వారాల పని గంటల్లోకి వచ్చింది. గుంటూరు సీమ రైతుకు పరిచయమైన పత్తిగింజ నూగు లాంటిదే ప్రపంచమంతటా కార్లకు మెరుపునిచ్చిందన్న సంగతి ఇక్కడి పాఠ్యపుస్తకాల్లో చోటు దక్కాల్సినది.

అయితే డ్యూకో ఆరేదే కాని, రసాయనికంగా గట్టిపడేది కాదు. ఈ తేడా తెలియకపోతే తర్వాతి చరిత్రంతా అర్థం కాదు. లాకరులోని థిన్నరు గాలిలో కలిసిపోగానే మిగిలిన అణువుల గొలుసులు ఒకదాని పక్కన ఒకటి పడి ఉంటాయి. వాటి మధ్య ముడి పడదు. దశాబ్దాల కిందట రంగేసిన పాత అంబాసిడర్ తలుపును థిన్నరులో ముంచిన తెల్లగుడ్డతో పదిసార్లు రుద్దితే గుడ్డకు రంగు అంటుతుంది, రుద్దినచోట మెరుపు చచ్చి మెత్తబడుతుంది. హార్డ్‌నరు కలిపి వేసి, పూర్తిగా గట్టిపడిన నేటి క్లియర్ మీద అదే గుడ్డ ఎంతసేపు ఆడించినా తెల్లగానే ఉంటుంది. పరిశ్రమల్లో పూత గట్టిపడిందో లేదో తేల్చే ద్రావక పరీక్షకు మూలం ఇదే. ముడులు పడిన పొరను ద్రావకం విడదీయలేదు. గీత విషయంలోనూ అంతే. మొన తగిలినప్పుడు ముడులు లేని గొలుసులు పక్కకు జారి అక్కడే ఉండిపోతాయి. ముడులున్నవి వంగినా తిరిగి తమ చోటికి వస్తాయి. 1930లలో వచ్చిన ఆల్కిడ్ ఎనామెళ్లు వేడి మీద గట్టిపడి ఈ దిశలో ఒక అడుగు వేశాయి. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం కనిపెట్టిన పాలీయురిథేన్ రసాయనం అసలు దారి తెరిచింది. రెండు డబ్బాల్లో వేర్వేరుగా వచ్చే రెసిన్‌ను, ఐసోసైనేట్ హార్డ్‌నరును కలిపి కొట్టే నేటి టూకే పెయింటు ఆ రసాయనం నుంచి వచ్చినదే.

‘పాత డ్యూకో కార్లు ముప్పై ఏళ్లు మెరిశాయి కదా, గట్టిపడటానికి ఇంత ప్రాధాన్యం ఎందుకు’ అని అడిగేవారున్నారు. ఆ మెరుపు నిజమే, కాని అది చేతిపని పుణ్యం. లాకరును పొరలు పొరలుగా దట్టంగా వేసేవారు, మసకబారిన ప్రతిసారీ రబ్బింగ్ కాంపౌండుతో పైపొర అరగదీసి కొత్త మెరుపు తెచ్చేవారు. గీతను తట్టుకోవడం వేరు, గీతను తేలిగ్గా చెరిపేయగలగడం వేరు. నేటి 40 మైక్రాన్ల క్లియర్‌కు అంత అరుగుదల భరించే మందం లేదు. ఏటేటా బఫింగు చేయిస్తే ఎండను ఆపే పొరే పోతుంది.

ఒకే కారు మీద రెండు రకాల గట్టిదనం ఉండటం మన రోడ్ల మీద మామూలు సంగతి. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలోనో, 2019 నుంచి పెనుకొండలోనో తయారైన కారు రంగును ఫ్యాక్టరీ కొలిమిలో సుమారు 140 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలుస్తారు. అప్పటికి బండిలో సీట్లు, వైర్లు ఉండవు. అదే కారు ఆటోనగర్ షెడ్డుకు వస్తే అంత వేడి పెట్టడం కుదరదు. మంచి బూత్ ఉన్నచోట సుమారు 60 డిగ్రీలు, లేనిచోట ఆ రోజు గాలి వేడే దిక్కు. టింకరింగు, లప్పం, వాటర్ పేపరు, ప్రైమరు అన్నీ శ్రద్ధగా చేసినా, చివర కొట్టిన క్లియర్ గట్టిపడక ముందే బండి అప్పగిస్తే కొత్త ఫెండరు పక్కనున్న పాత తలుపు కన్నా తొందరగా గీతలు పడుతుంది. రసాయన చర్య వేగం పది డిగ్రీలకు దాదాపు రెట్టింపవుతుందన్న మోటు లెక్క ప్రకారం చూసినా, మే నెలలో ఒక పగలు జరిగే పని డిసెంబరు రాత్రుల్లో రోజుల తరబడి సాగుతుంది. ‘నిన్న ముట్టుకుంటే అంటలేదు’ అన్నది ద్రావకం పోయిందనడానికి గుర్తు, అంతే.

ఇక అమ్మేచోట చెప్పే ‘9హెచ్’ కాఠిన్యం అంకె సంగతి. అది పెన్సిల్ పరీక్షది. పెన్సిల్‌ను 45 డిగ్రీల వాలున 750 గ్రాముల బరువుతో పూత మీద తోస్తారు. మెత్తని బి రకాల నుంచి గట్టి హెచ్ రకాల వరకు ఏ పెన్సిల్ దగ్గర పూత తెగుతుందో చూస్తారు. పెన్సిల్ ములుకులో ఉండేది గ్రాఫైటు, బంకమట్టి. పెట్టెలోని అన్నిటికన్నా గట్టి పెన్సిల్ కూడా గీయలేదని మాత్రమే 9హెచ్ చెబుతుంది. ఖనిజాలకు 1812లో మోస్ రూపొందించిన పది మెట్ల కొలతకు, దీనికి సంబంధం లేదు. ఆ కొలతలో ఇసుకలోని క్వార్ట్జ్ 7, చీమకుర్తి గెలాక్సీ రాతిలోని ఫెల్డ్‌స్పార్ 6. ఒంగోలు–కర్నూలు రోడ్డు మీద టిప్పర్ల వెనక లేచే దుమ్ములో ఉండేవి ఇలాంటి రేణువులు. పైగా సిరామిక్ పూత మందం ఒకటి రెండు మైక్రాన్లకు మించదు. కింద మెత్తని క్లియర్ నొక్కుకుపోతుంటే పైన ఎంత గట్టి పొర ఉన్నా దానితోపాటు వంగాలి, లేదా పగలాలి. అందుకే కార్ల పరిశ్రమ గీతల పరీక్షకు వేరే దారి పట్టింది. నీటిలో క్వార్ట్జ్ పొడి కలిపి, తిరిగే బ్రష్ కింద ప్యానెల్‌ను ఆడించి, ముందూ తర్వాతా మెరుపు కొలుస్తారు. కారు మీద రోజూ జరిగే అరుగుదలకు దగ్గరగా ఉండే పరీక్ష ఇదే. రాత్రి పెట్రోలు బంకు దీపం కింద నల్లకారు బానెట్ మీద వలయాలుగా కనిపించే సన్నని గీతలు నిజానికి వలయాలు కావు. అన్ని దిక్కులా పడిన గీతల్లో దీపానికి అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరిసి అలా కనిపిస్తాయి. వాటిలో చాలావరకు పొడిగుడ్డతో దుమ్ము తుడిచినందువల్ల పడినవే.

గట్టిదనమే అంతా కాదనడానికి 2000ల తొలి ఏళ్లు మంచి సాక్ష్యం. 2003 చివర మెర్సిడెస్-బెంజ్ అతి సూక్ష్మమైన సిరామిక్ రేణువులను పైపొరలోకి చేర్చి ముడుల సాంద్రత పెంచిన క్లియర్‌ను తెచ్చింది. రెండేళ్లకు, 2005 డిసెంబరులో, నిస్సాన్ ఇందుకు పూర్తిగా ఎదురు దారిలో నడిచింది. సాగే గుణమున్న రెసిన్ కలిపి, సన్నని గీతలు వేడిని బట్టి ఒక రోజు నుంచి వారం లోపల వాటంతటవే పూడే పూతను ప్రకటించింది. వియత్నాం యుద్ధకాలంలో హెలికాప్టర్ రెక్కలను కాపాడేందుకు వాడిన పాలీయురిథేన్ ఫిల్మే తర్వాత కార్లకు వచ్చింది. అది 150 మైక్రాన్లకు పైబడిన మందంతో రాళ్ల దెబ్బను మింగుతుంది. గట్టిదీ నెగ్గింది, సాగేదీ నెగ్గింది. రెండింటిలోనూ పొర లోపలి ముడులు సరిగా పడటమే ఉమ్మడి లక్షణం. రెంటచింతల లాంటి చోట వేసవి ఎండే ఈ సాగే పూతల సన్నని గీతలను మాన్పగలదు. తెగిపోయేంత లోతు గీతను మాత్రం ఏ పూతా మాన్పదు.

సిలికా పూతల మూలం కూడా నైట్రోసెల్యులోజు పుట్టిన రోజుల్లోనే ఉంది. 1840ల మధ్యలో ఫ్రెంచి రసాయనవేత్త ఎబెల్మెన్ సిలికా ఎస్టరును తేమగాలిలో ఉంచితే అది క్రమంగా గాజులాంటి పదార్థంగా మారడం గమనించాడు. నేటి సీసాల్లో వచ్చే సిలేన్, పాలీసిలజేన్ పూతలు చేసే పని అదే. గాలిలోని నీటి ఆవిరితో చర్య జరిపి సిలికాన్–ఆక్సిజన్ వల అల్లుకుంటాయి. స్లాబు పోసిన మేస్త్రీ ఎండలో నీళ్లు కొట్టి తడి నిలిపినట్టే, ఈ పూతకూ నీటి అంశ కావాలి. తేడా ఏమిటంటే నీటి ఆవిరి కావాలి, నీటి చుక్క పనికిరాదు. పూత లేతగా ఉన్నప్పుడు చుక్క నిలిస్తే దాని ఉప్పు మచ్చ లోపలే ఉండిపోతుంది. ఇందుకు విరుద్ధంగా, టూకే క్లియర్‌కు తేమ శత్రువు. ఐసోసైనేట్ రెసిన్‌తో కలవాల్సింది పోయి నీటితో కలిసి కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది, పొరలో బుడగలు మిగులుతాయి. బాపట్ల తీరంలో ఉక్కపోత రోజు క్లియర్ కొట్టడం తప్పు. అదే రోజున మూసిన షెడ్డులో సిరామిక్ పూత చక్కగా గట్టిపడుతుంది. పల్నాడులో పడమటి వడగాలి వీచే మే మధ్యాహ్నం సిరామిక్ పూతకు తేమ చాలదు. పైగా కాలిన బానెట్ మీద ద్రవం పరుచుకునేలోపే ఇంకిపోయి చారలు కడుతుంది.

‘మన ఎండకు ఏదైనా ఇట్టే గట్టిపడుతుంది, రోజులు ఎందుకు ఆగాలి’ అన్న వాదనకు జవాబు ఇక్కడే ఉంది. వేడి చర్యను తొందరపెడుతుందన్నది నిజం. కాని పైపొర ముందు బిగిస్తే కింద థిన్నరు చిక్కుకుంటుంది, అది వారాల తర్వాత ఉబ్బుగానో మసకగానో బయటపడుతుంది. నీడలో వేసి, రేకు చల్లబడ్డాక పని మొదలుపెట్టి, ఆ తర్వాత నిదానంగా వేడి తగలనిస్తే ఎండ మేలే చేస్తుంది. ‘ఇదంతా వ్యాపారుల హంగు, వారం రోజులు కడగొద్దన్నది సాకు’ అనేవారి అనుమానంలో కొంత న్యాయముంది. పెట్టెల మీద రాసే ఏళ్ల హామీలు చాలావరకు దుమ్ము లేని వాతావరణం లెక్కలే. కాని ఆగాల్సిన గడువు రసాయనం విధించినది. అది లేకుండా మిగతా హామీకి అర్థమే లేదు. పిడుగురాళ్ల చుట్టుపక్కల తిరిగే బండికి మరో సంగతి తోడవుతుంది. అక్కడ లేచే సున్నపు దుమ్ము మంచుతో తడిస్తే క్షారమవుతుంది, సిలికా వలను కొరికే గుణం క్షారానిదే. లేత పూత మీద ఆ దుమ్మును రాత్రంతా ఉంచకుండా పుష్కలంగా నీళ్లు పోసి వదిలించాలి, పొడిగుడ్డతో రుద్దకూడదు.

గట్టిపడక ముందున్న పూతతో గీతల కన్నా పెద్ద నష్టం ఒకటుంది. ముడి పడిన తర్వాత పాలీయురిథేన్ నిరపాయకరం. గన్ను నుంచి పొగమంచులా వెలువడే దశలో మాత్రం ఐసోసైనేట్ ఊపిరితిత్తులకు చేటు. ఒకసారి ఉబ్బసం పట్టుకుంటే తర్వాత అతి కొద్ది మోతాదు కూడా ఆ మనిషికి పడదు. ముక్కుకు కట్టుకున్న చేతిరుమాలు దీన్ని ఆపలేదు. బయటి నుంచి గాలి అందించే మాస్కే సరైన రక్షణ. కారు యజమాని షెడ్డులో 9హెచ్ గురించి అడిగే ముందు, హార్డ్‌నరు కొలిచి కలిపారా, ఎంత వేడి మీద ఎన్నాళ్లు ఉంచారు, రంగు కొట్టే కార్మికుడికి మాస్కు ఉందా అని అడగాలి. ఈ మూడింటికీ సూటిగా జవాబు చెప్పగల షెడ్డుకే బండి అప్పగించండి.