ధార దగ్గర ఎవరు నిలబడ్డారు? (మన నీళ్ళు - మన చరిత్ర : 6)



పోయిన భాగంలో ఊరి బావి గురించి మాట్లాడుకున్నాం. ఈసారి కొండ ఊటల గురించి, వాటి మహిమల గురించి.

కార్తీక మాసం వస్తే మా నర్సీపట్నం వైపు జనం స్నానాలకు బయలుదేరతారు. పక్కనే బలిఘట్టం. అక్కడ వరాహ నది ఉత్తరానికి తిరిగి పారుతుంది, అందుకే ఉత్తరవాహిని అంటారు. ఇంకాస్త దూరం పోగలిగినవాళ్ళు రాంబిల్లి మండలం పంచదార్ల వెళ్తారు. ధర్మలింగేశ్వరుడి గుడి దగ్గర కొండలోంచి ఊరే నీరు అయిదు ధారలుగా పడుతుంది. ఊరి పేరు ఆ అయిదు ధారలదే. సింహాచలం కొండ మీద గంగధార ఉండనే ఉంది.

ఇలాంటి ధారల గురించి మన జనం చెప్పుకునేది ఒకటే. గజ్జి, తామర పోతాయి. కళ్ళకలక తగ్గుతుంది. మూలికల మీంచి వచ్చిన నీరు కదా, మందు లాంటిది.

నా చిన్నప్పుడు మా పేటలో గజ్జి లేని పిల్లాడు లేడు. మా నాయనమ్మ వేపాకు నూరి రాస్తూ ఒక మాట అనేది: "ఆ ధార నీళ్ళు మంచివేరా. మన దాకా రావు, అంతే." ఆమె కాలంలో ఊరి బావి గట్టు ఎక్కే వీలు లేదు. బిందె కింద పెట్టి, ఎవరో ఒకరు జాలిపడి నీళ్ళు పోసేదాకా ఎండలో నిలబడేది. ఒక్కోరోజు పొద్దెక్కేదాకా. అలా తెచ్చిన బిందెడు నీళ్ళలో వంట, తాగడం అయ్యాక పిల్లలకు స్నానం ఎక్కడిది?

ముందు ఆ నీళ్ళ సంగతి చూద్దాం. మన తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉండేది ఖొండలైటు రాయి. ఖోండు ఆదివాసుల పేరు మీదే ఆ రాయికి పేరు పెట్టారు. వాన నీరు మెత్తబడిన రాతిలోకి, పగుళ్ళలోకి ఇంకుతుంది. నెమ్మదిగా వడగట్టుకుంటూ దిగి, కింద గట్టి పొర అడ్డం వచ్చిన చోట ఊటగా బయటపడుతుంది. అందుకే వాన వెలిసి నెలలు గడిచినా ధార ఆగదు. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఇసుక తవ్వితే వేడినీళ్ళు వస్తాయి. అది భూమి లోపలి వేడి. ఇక్కడి ధారలు చల్లని నీళ్ళే, కానీ శుభ్రమైన నీళ్ళు, ఆగకుండా పారే నీళ్ళు.

మరి రోగాలు తగ్గుతాయన్నది వట్టి మాటా? పూర్తిగా కాదు. 1972లో తూర్పు ఆఫ్రికా ఊళ్ళలో నీళ్ళ మీద వచ్చిన ఒక అధ్యయనంలో డేవిడ్ బ్రాడ్లీ అనే వైద్యుడు నీటితో ముడిపడ్డ రోగాలను రకాలుగా విడదీశాడు. అందులో ఒక రకం, కడుక్కోవడానికి చాలినన్ని నీళ్ళు లేక వచ్చేవి. గజ్జి, ట్రకోమా అనే కంటి జబ్బు ఆ కోవలోవే. వాటిని అడ్డుకోవడానికి మహిమ గల నీరు అక్కర్లేదు, రోజూ సరిపడా నీరు కావాలి. ధార కింద నిలబడి ఒళ్ళంతా రుద్దుకుని, బట్టలు ఉతుక్కున్నవాడికి ఒంటి దురద తగ్గిందంటే ఆశ్చర్యమేముంది?

ఇప్పుడు మా పేట వైపు చూడండి. నీళ్ళు అందని వాడలోనే ఆ రోగాలు ఎక్కువ. రోగం ఉంది కాబట్టి "మురికివాళ్ళు" అన్నారు. మురికివాళ్ళు కాబట్టి నీళ్ళు ముట్టుకోవద్దన్నారు. నీళ్ళు ముట్టుకోనివ్వలేదు కాబట్టి రోగం పోలేదు. రోగాన్ని తయారుచేసి, దాన్నే మన పుట్టుకకు గుర్తుగా చూపించారు. ఔషధం అవసరమైనవాడికి దక్కకుండా, ఔషధానికి మాత్రం కీర్తి దక్కింది.

పంచదార్ల రాతి స్తంభాల మీద 15వ శతాబ్దం మొదటి ఏళ్ళ శాసనాలున్నాయి. రాజుల వంశావళులు చదువుకోవచ్చు. స్తంభం మోసినవాడి పేరు శాసనాల్లో ఎవరూ వెతకరు, వెతికినా దొరకదు. మన చరిత్ర రాతి మీద లేదు, మా నాయనమ్మ లాంటివాళ్ళ నోట్లో ఉంది.

చట్టాల్లోనూ కొంత ఉంది. 1924లో, మన జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు, రెట్టమలై శ్రీనివాసన్ శాసనమండలిలో పట్టుబట్టి బావులు, చెరువులు, దారులు అందరివీ అని ప్రభుత్వం చేత చెప్పించారు. 1938లో ఎం.సి. రాజా కృషితో ఆ వివక్షను తొలగించే చట్టం వచ్చింది. గుళ్ళ తలుపులు అందరికీ తెరిచే చట్టం 1947లో వచ్చింది. గుడి ఆవరణలో ఉన్న ధార అంటే, గుడిలోకి రానివ్వనివాడికి ధార కూడా లేనట్టే కదా.

ఈ కథకు మలుపు మహాద్‌లో. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో చవ్‌దార్ చెరువుకు నడిచి నీళ్ళు తాగారు. ఆ నీళ్ళలో ఏదో మహిమ ఉందని కాదు, మేమూ మనుషులమే అని చెప్పడానికి. తర్వాత అగ్రకులాలవాళ్ళు ఆవు పేడ, పంచితం, పాలు, పెరుగు కుండలతో పోసి చెరువును "శుద్ధి" చేశారు! మనిషి దోసిలి మైల, పేడ శుద్ధి. ఆ చెరువు మీద హక్కు బొంబాయి హైకోర్టులో ఖాయమవడానికి 1937 దాకా పట్టింది.

అది పాత కథ అనుకునేవాళ్ళు కారంచేడు గుర్తుచేసుకోండి. 1985 జులై 16న మాదిగలు తాగే నీళ్ళ చెరువు దగ్గర గేదెల కుడితి బక్కెట్లు కడిగారు. వద్దన్నందుకు కొట్టబోతే మున్నంగి సువార్తమ్మ తన బిందె ఎత్తింది. మర్నాడు పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. చీరాల శిబిరంలో రగిలిన ఆ పోరాటం నుంచే దళిత మహాసభ పుట్టింది. మన ఉద్యమం ఒక నీళ్ళ బిందె దగ్గర మొదలైందని మరిచిపోకండి.

రాజ్యాంగం 15వ అధికరణం బావులు, చెరువులు, స్నానఘట్టాల పేర్లు చెప్పి మరీ ఎవరినీ ఆపకూడదంటుంది. బాబాసాహెబ్ మహాద్‌ను ఎలా మరిచిపోతారు?

విద్యార్థి మిత్రులకు ఒక పని. ఈ సెలవుల్లో మీ ఊరికి వెళ్ళినప్పుడు అక్కడి ఊట, గెడ్డ, ధార గురించి పెద్దవాళ్ళను అడగండి. మహిమ ఏమిటని అడగొద్దు. పైన ఎవరు ముంచుకునేవారు, కింద ఎవరు? మనవాళ్ళు మొదటిసారి ఎప్పుడు దిగారు, ఆ రోజు ఏం జరిగింది? ఫోనులో రికార్డు చేయండి. ఆ ముసలమ్మలు ఇంకెన్నాళ్ళో ఉండరు. మా నాయనమ్మను నేను ఇవేవీ అడగలేదు.

వచ్చే భాగంలో మీరు పంపిన కథలతో కలుద్దాం.

జై భీమ్.