అమెరికాలో మోసపూరిత వ్యాపార నిషేధ చట్టాలు

అమెరికాలో కొనుగోలుదారును వ్యాపారుల మోసం నుంచి కాపాడే కేంద్ర చట్టాల్లో ప్రధానమైనది 1914 నాటి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చట్టం. అయితే మొదట్లో అది వ్యాపారుల మధ్య అక్రమ పోటీనే నిషేధించింది, కొనుగోలుదారు ఊసెత్తలేదు.

ఈ లోటు మార్మోలా అనే మందు కేసులో బయటపడింది. థైరాయిడ్ సారం కలిపిన ఆ మందు ఒళ్లు తగ్గిస్తుందని, ప్రమాదం లేదని రాలడామ్ కంపెనీ ప్రచారం చేసేది. కమిషన్ ఉత్తర్వుతో దాన్ని అడ్డుకుంటే, పోటీదారులకు నష్టం జరిగినట్టు రుజువు లేదంటూ 1931లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును నిలబెట్టలేదు. మందు మింగినవారి ఆరోగ్యం తీర్పుకు ఆధారం కాకపోవడం బాధాకరం. 1938లో వీలర్–లీ సవరణ అన్యాయమైన, మోసపూరితమైన వ్యాపార చర్యలను నేరుగా నిషేధించి ఆ తప్పు దిద్దింది. ఇప్పుడు అమ్మకందారు దురుద్దేశాన్ని నిరూపించనక్కర్లేదు. కొనాలా వద్దా అన్న నిర్ణయాన్ని మార్చగల విషయంలో, మామూలు వివేకం ఉన్న మనిషి పొరబడే అవకాశం ఉంటే చాలు.

ఈ చట్టం కింద మోసపోయిన వ్యక్తి స్వయంగా దావా వేయలేడు. ఆ దారి చూపేవి రాష్ట్రాల చట్టాలు. తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన టెక్సాస్‌లో 1973 నాటి చట్టం ప్రకారం, తెలిసి చేసిన మోసమైతే ఆర్థిక నష్టానికి మూడు రెట్ల దాకా పరిహారం రావచ్చు.

స్వల్పకాలిక అప్పుల వ్యాపారంపై వచ్చిన ఏఎంజీ కేసులో 2021లో సుప్రీంకోర్టు కమిషన్‌కు గట్టి దెబ్బ కొట్టింది. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చట్టంలోని 13(బి) సెక్షన్ ఆధారంగా బాధితులకు సొమ్ము తిరిగి ఇప్పించే అధికారం దానికి లేదని ఏకగ్రీవంగా తేల్చింది.