తాత ఏ యుద్ధానికి వెళ్లాడు? బస్తర్ కుటుంబాలు వెతకాల్సిన కాగితాలు ఎక్కడున్నాయి

"తాత లడాయికి పోయాడట." దక్షిణ బస్తర్‌లోనో, సరిహద్దుకు ఇవతల చర్ల, చింతూరు వైపో ఒక ఇంట్లో మిగిలింది ఈ ఒక్క మాటే అనుకుందాం. ఏ యుద్ధమో తెలియదు. తిరిగొచ్చాడా లేదా అన్నది కూడా ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. ఫొటో లేదు, ఉత్తరం లేదు. అలాంటప్పుడు వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలి?

పంజాబ్‌లో ఇలాంటి కుటుంబానికి ఇప్పుడు ఒక దారి దొరికింది. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన సుమారు 3,20,000 మంది పంజాబీల వివరాలు ఊళ్ల వారీగా రాసిన రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో దాదాపు వందేళ్లు పడి ఉన్నాయి. వాటిని 2021 నుంచి ఆన్‌లైన్‌లో పెడుతున్నారు. ఊరి పేరు కొడితే మనిషి దొరికే అవకాశం ఉంది. బస్తర్ వాళ్లకు ఆ సౌకర్యం లేదు. ఇక్కడి మనిషిని సిపాయిల జాబితాలో కన్నా కూలీల జాబితాలో, సైన్యం ఫైళ్లలో కన్నా సంస్థానం ఫైళ్లలో వెతకాలి. చాలామంది దీనికి సరిగ్గా ఉల్టాగా మొదలుపెట్టి, రెండు వెబ్‌సైట్లు చూసి, పేరు లేదని వదిలేస్తారు.

సిపాయే అయి ఉండక్కర్లేదు

మొదటి యుద్ధంలో భారత్ నుంచి సుమారు 14 లక్షల మందిని చేర్చుకున్నారు. అందులో 5.5 లక్షలకు పైగా మంది తుపాకీ పట్టినవాళ్లు కాదు. మూటలు మోసేవాళ్లు, కంచరగాడిదలు తోలేవాళ్లు, వంటవాళ్లు, నీళ్లు మోసే భిస్తీలు, డోలీలు మోసేవాళ్లు, పాకీపని చేసేవాళ్లు. సైన్యం లెక్కల్లో వీళ్ల పేరు 'ఫాలోయర్లు'. 1917లో ఒక్క ఫ్రాన్స్‌కే సుమారు 50 వేల మందిని లేబర్ కోర్ పేరుతో పంపారు. వాళ్లలో నాగా, లుషాయి కొండల వాళ్లు, ఖాసీలు, సంతాలులు, రాంచీ వైపు ఓరావ్‌లు, ముండాలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. కంపెనీలకు చాలావరకు మనుషుల్ని పోగుచేసిన ప్రాంతం పేరే పెట్టారు. వెతికేవాళ్లకు ఇది పెద్ద ఆధారం. కంపెనీ పేరులో 'రాంచీ' అని ఉంటే ఆ మనిషి ఆ జిల్లావాడే అయి ఉండాలని లేదు, కానీ ఏ వైపు ఫైళ్లు తెరవాలో తెలుస్తుంది.

ఇష్టపడి వెళ్లాడా అన్నది ఇంకో ప్రశ్న. అదే 1917లో మయూర్‌భంజ్ సంస్థానంలో ఫ్రాన్స్‌కు కూలీల్ని పంపడానికి వ్యతిరేకంగా సంతాలులు తిరగబడ్డారు. బస్తర్‌లో భూమ్‌కాల్ తిరుగుబాటు జరిగింది 1910లో. అడవిని రిజర్వు చేయడం, జీతం లేని బేగార్ చాకిరీ ఆ తిరుగుబాటుకు పెద్ద కారణాలు. అధికారి వచ్చి మనుషుల్ని అడిగితే ఇవ్వక తప్పని కాలం అది. అందుకే 'చేరాడు' అన్న మాటను 'చేర్చారు' అని కూడా చదువుకోవాలి.

రెండో యుద్ధం నాటికి లెక్క 25 లక్షలు దాటింది. సైన్యం బయట యుద్ధపనికి వెళ్లినవాళ్లు ఇంకా ఎందరో. "అస్సాం పోయాడు" అని ఇంట్లో చెప్పుకుంటుంటే తేయాకు తోటకే వెళ్లాడని అనుకుని ఊరుకోకూడదు. 1942లో జపాన్ సైన్యం బర్మాలోకి వచ్చాక, ఇండియన్ టీ అసోసియేషన్ తోట కూలీల్నే వేల సంఖ్యలో దిమాపూర్ నుంచి ఇంఫాల్ మీదుగా బర్మా సరిహద్దుకు వెళ్లే రోడ్డు పనికి తరలించింది. ఆ తోటల్లో ఛత్తీస్‌గఢ్, గంజాం, విశాఖ ప్రాంతాల నుంచి వెళ్లిన కుటుంబాలు ఉన్నాయి. తెలుగు ఇళ్లలో వినిపించే "రంగం పోయాడు" కూడా అంతే. అది రేవులో మూటలు మోయడం కావచ్చు, 1942లో కాలినడకన తిరిగొచ్చిన లక్షల మందిలో ఒకడు కావడమూ కావచ్చు. మలయా అన్నారంటే సయాం రైలుమార్గాన్ని కూడా గుర్తుంచుకోవాలి. 415 కిలోమీటర్ల ఆ మార్గం కింద చనిపోయిన మిత్రరాజ్యాల యుద్ధఖైదీలకు పేర్లతో సమాధులున్నాయి. వాళ్లకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా చనిపోయిన తమిళ, తెలుగు, మలయ్, బర్మా కూలీల్లో అత్యధికులకు లేవు.

ముందు ట్రంకు పెట్టె

కాగితం లేకపోయినా లోహం మిగులుతుంది. మొదటి యుద్ధం తర్వాత ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ సిపాయిలకు వెండిది, లేబర్ కోర్ వాళ్లకు కంచుది. దాని అంచు మీద నంబరు, పేరు, దళం చెక్కి ఉంటాయి. అరిగిపోయిన అంచును ఏటవాలుగా పడే వెలుతురులో ఫొటో తీస్తే అక్షరాలు తేలతాయి. చింతపండు పెట్టి తోమడం మాత్రం వద్దు. అరచేతిని మించిన గుండ్రటి కంచు పలక ఉంటే అది చనిపోయినవాళ్ల కుటుంబాలకు ఇచ్చింది. దాని మీద పేరు తప్ప నంబరు, హోదా ఉండవు.

ఆరు కోణాల నక్షత్రం అయితే రెండో యుద్ధం. బర్మా స్టార్, ఆఫ్రికా స్టార్ అని దాని మీదే రాసి ఉంటుంది. వెనుకవైపు భారతదేశ పటం ఉన్న మెడల్ ఇండియా సర్వీస్ మెడల్, అంటే ఎక్కువ కాలం దేశంలోనే పనిచేశాడని అర్థం. సమర సేవా స్టార్ అయితే 1965, పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ అయితే 1971. ఈ చివరి రకం దొరికితే పని దాదాపు అయిపోయినట్టే. స్వతంత్ర భారత సైన్యం కాబట్టి నంబరుతో రెజిమెంట్ రికార్డ్ ఆఫీసుకు నేరుగా వెళ్లొచ్చు.

పేరు ఎందుకు దొరకదు

సోమారు, మంగ్రు, బుధ్రు, సుక్రు. పుట్టిన వారాన్ని బట్టి పెట్టే ఈ పేర్లు బస్తర్‌లో ఊరికి పది ఉంటాయి. గుమాస్తా ఇంటిపేరు రాయలేదు. కుంజామ్, మడ్కామ్, సోడి, పోయామ్ అని గోత్రం రాయాల్సిన చోట 'గోండ్' అనో 'కోయ' అనో రాసి ఊరుకునే వీలుంది. ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఆ రోజు రాసిన చేతిని బట్టి మారుతుంది. కాబట్టి పేరుతో కాకుండా తండ్రి పేరు, ఊరు, పరగణా లేదా జమీందారీ, ఈ మూడూ కలిపి వెతకాలి. ఊరు భోపాలపట్నం జమీందారీదా, కుట్రుదా, సుక్మాదా, చింతల్నార్‌దా అన్నది ముసలివాళ్లను అడిగి ముందే రాసి పెట్టుకోవాలి. ఇప్పటి జిల్లా పేరు ఇక్కడ పనికిరాదు. 1998 వరకు ఉన్నది ఒకే బస్తర్ జిల్లా. దంతెవాడ, కాంకేర్ ఆ ఏడాది విడిపోయాయి. బీజాపూర్, నారాయణపూర్ 2007లో, సుక్మా, కొండగావ్ 2012లో వచ్చాయి.

ఒక నది, నాలుగు కొలువులు

భద్రకాళి దగ్గర ఇంద్రావతి గోదావరిలో కలిసే చోట ఇప్పుడు మూడు రాష్ట్రాలు కలుస్తాయి. యుద్ధాల నాడు అక్కడ ఒకవైపు బస్తర్ సంస్థానం, ఇంకోవైపు సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని సిరోంచ, ఇవతల నిజాం రాజ్యం ఉండేవి. కాస్త దిగువకు వస్తే భద్రాచలం, నూగూరు ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీవి. పక్కపక్క ఊళ్ల అన్నదమ్ముల కాగితాలు నాలుగు చోట్లకు పోవడానికి కారణం ఇదే.

బస్తర్ మొదట రాయ్‌పూర్‌లోని పొలిటికల్ ఏజెంట్ కింద ఉండేది. 1933లో రాంచీ కేంద్రంగా ఏర్పడిన ఈస్టర్న్ స్టేట్స్ ఏజెన్సీలోకి వెళ్లింది. రెండో యుద్ధం నాటికి రాజు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ ఇంకా మైనరు. పాలన బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన అధికారుల చేతిలో నడిచింది. కాబట్టి కూలీల సేకరణ, యుద్ధ విరాళాల మీద ఉత్తరప్రత్యుత్తరాలు ఏజెన్సీ ఫైళ్లలో వెతకాలి. అవి ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్‌లోనూ, కొంత లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలోనూ ఉంటాయి. నేషనల్ ఆర్కైవ్స్ కేటలాగును 'అభిలేఖ్ పటల్' పోర్టల్‌లో ఇంటి నుంచే చూడొచ్చు. భద్రాచలం వైపు వాళ్లు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో గోదావరి ఏజెన్సీ కాగితాలు అడగాలి. నిజాం వైపు వాళ్లకు హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్. అక్కడ ఉర్దూ చదివే మనిషి తోడుండాలి.

'హైదరాబాద్ రెజిమెంట్' అన్న మాట దగ్గర జాగ్రత్త. 19వ హైదరాబాద్ రెజిమెంట్ నిజాం సైన్యం కాదు, బ్రిటిష్ ఇండియా సైన్యం. 1945లో దాని పేరు కుమావూన్ రెజిమెంట్‌గా మారింది, కేంద్రం ఇప్పుడు రాణిఖేత్‌లో ఉంది. 1941 డిసెంబరులో మలయాలోని కోటా భారులో జపాన్ దాడిని ఎదుర్కొన్న 1వ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ మాత్రం నిజాం సంస్థాన దళం. ఈ రెండింటినీ కలిపేసుకుని ఏళ్లు పోగొట్టుకోవచ్చు. మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్, శాపర్స్ అయినా పయొనీర్ కోర్ అయినా బెంగళూరు, మహార్ రెజిమెంట్ అయితే సాగర్. పింఛను వచ్చి ఉంటే ప్రయాగ్‌రాజ్‌లోని రక్షణ పింఛన్ల కార్యాలయం. పింఛను లేని రెండో యుద్ధ సైనికులకు, వాళ్ల భార్యలకు చాలా రాష్ట్రాలు నెలవారీ సాయం ఇచ్చాయి కాబట్టి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో నాయనమ్మ పేరుతో ఫైలు ఉండే అవకాశాన్ని కొట్టిపారేయకూడదు.

తిరిగి రాకపోయి ఉంటే

కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ డేటాబేస్ ఉచితం. కానీ అందులో పేరు లేకపోవడాన్ని సమాధానంగా తీసుకోకూడదు. 2021 ఏప్రిల్‌లో ఆ సంస్థ తానే ఒక నివేదికలో ఒప్పుకుంది: మొదటి యుద్ధంలో చనిపోయిన 45 వేల నుంచి 54 వేల మందిని, ప్రధానంగా ఆఫ్రికా, ఈజిప్టు, భారత్ మనుషుల్ని, మిగతావారితో సమానంగా స్మరించలేదు. ఇంకో 1,16,000 మందిని, బహుశా 3,50,000 మంది వరకు, పేరుతో అసలు స్మరించలేదు. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద భారతీయ అధికారుల పేర్లు చెక్కి, మామూలు సిపాయిలకు రెజిమెంట్ వారీగా అంకెలు వేశారు. మన ఊళ్లలోని పాలరాతి పలకలూ అంతే. ఈ ఊరి నుంచి ఇంతమంది మహాయుద్ధానికి వెళ్లారు, ఇంతమంది ప్రాణాలిచ్చారు అని ఉంటుంది. ఎవరు అన్నది ఉండదు.

ఆ జాబితాలో కొత్తగా పేరు చేర్చమని ఆధారాలతో అడగొచ్చు. మరణం యుద్ధరంగంలోనే జరగక్కర్లేదు. సర్వీసులో ఉండగా జ్వరంతో పోయినా సరిపోతుంది. తేదీ 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 లోపు, లేదా 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 లోపు ఉండాలి.

మనవడినని రుజువు

రికార్డ్ ఆఫీసు మొదట అడిగేది బంధుత్వం. 2005 తర్వాత సల్వా జుడుం కాలంలో దక్షిణ బస్తర్‌లో వందల ఊళ్లు చెదిరిపోయాయి. ఇళ్లతో పాటు పెట్టెలూ కాలిపోయాయి. భద్రాద్రి కొత్తగూడెం, అల్లూరి సీతారామరాజు జిల్లాల అడవుల్లో ఇప్పుడుంటున్న కుటుంబాల్లో ఎందరికో సొంత ఊరి కాగితం ఒక్కటీ లేదు. వాళ్లకు మిగిలిన ఒక ఆధారం మిసల్, అంటే పాత భూమి బందోబస్తు రికార్డు. ఛత్తీస్‌గఢ్‌లో కుల ధ్రువపత్రం కోసం 1950కి ముందరి పూర్వీకుడిని చూపించడానికి దాన్నే వాడతారు. అందులో తాత పేరు, ఆయన తండ్రి పేరు, ఊరు ఒకే వరుసలో దొరికితే రికార్డ్ ఆఫీసుకు కావలసింది దాదాపు అదే. బంధువుల్లో ఎవరో ఒకరు చదువు కోసమో ఉద్యోగం కోసమో ఆ నకలు ఎప్పుడో తీయించే ఉంటారు. ముందు వాళ్లను అడగడం మేలు.

తర్వాత రికార్డ్ ఆఫీసుకు మామూలు దరఖాస్తు పెట్టాలి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. 20 ఏళ్లు దాటిన సంఘటనల సమాచారానికి ఆ చట్టంలోని చాలా మినహాయింపులు వర్తించవని సెక్షన్ 8(3) చెబుతోంది. దరఖాస్తులో ఆ సెక్షన్‌ను పేర్కొని, పేరుకు రాగల నాలుగైదు స్పెల్లింగులూ, తండ్రి పేరూ, ఊరి పాత జమీందారీ పేరూ రాయాలి.