బడి పండుగలో మన పిల్లలు: పల్నాటి నుంచి కొన్ని సంగతులు

మన విద్యా చరిత్రలు బడుల లెక్క చెప్తాయి. ఏ సంవత్సరంలో ఏ ఉత్తర్వు వచ్చిందో చెప్తాయి. బళ్లో పండుగ జరిగిన రోజున ఏ పిల్లవాడు ఎక్కడ నిలబడ్డాడో మాత్రం చెప్పవు. పండితులకు అది చిన్న విషయం. మామూలు రోజుల్లో కులం వెనక వరసలో, గోడ వారన కూర్చుని కనబడకుండా ఉండగలదు. పండుగ రోజున ఊరంతా చూస్తుండగా వేదిక మీదికి ఎవర్ని పిలవాలో, ఎవరి చేత పాడించాలో, ఎవరు వండింది పంచాలో తేల్చుకోక తప్పదు. అందుకని బడి ఎవరిదో తెలుసుకోవాలంటే హాజరుపట్టీ కంటే వార్షికోత్సవం ఎక్కువ చెప్తుందని నా వాదన. పల్నాడు సంగతులతోనే దాన్ని చూద్దాం.

సర్కారు బడులు రాకముందు తెలుగు పల్లెల్లో వీధిబడికి పెద్ద పండుగ దసరా. పిల్లలకు మంచి బట్టలు కట్టించి, చేతికి విల్లంబులు, గిలకలు ఇచ్చి అయ్యవారు ఇంటింటికీ తిప్పేవాడు. పిల్లలు దసరా పద్యాలు పాడేవాళ్లు. ఇంటివాళ్లు అయ్యవారికి డబ్బులు, పిల్లలకు పప్పుబెల్లాలు ఇచ్చేవాళ్లు. పాతకాలం గొప్పదని రాసేవాళ్లు ఈ ముచ్చటను ఎంతో మురిపెంగా రాస్తారు. ఆ ఊరేగింపు ఏ గడప దాకా పోయి వెనక్కి తిరిగిందో మటుకు రాయరు. గడపల దగ్గర నిలబడి పాడే పండుగ అది. గడప దగ్గరికే రానివ్వని కులాల పిల్లలకు అందులో చోటెక్కడిది? పైగా దసరా మామూలు అయ్యవారి రాబడిలో ఒక భాగం. వెలివాడ పిల్లవాణ్ణి చేర్చుకుంటే ఆ మామూలుకే ఎసరొస్తుంది. శాస్త్రాల సంగతి అటుంచి, అయ్యవారి కడుపు కూడా కులం వైపే ఉందన్నమాట.

మాల, మాదిగ పిల్లలకు మొదటి వేదిక మిషన్ బడి దగ్గర దొరికింది. అమెరికన్ లూథరన్ మిషనరీ హేయర్ 1842లో గుంటూరు వచ్చి, 1849లో గురజాలకు మారాడు. అమెరికన్ బాప్టిస్టులు 1883లో నరసరావుపేటలోనూ వినుకొండలోనూ కేంద్రాలు పెట్టారు. పల్లెల్లో బడికీ గుడికీ తరచూ ఒకటే పాక, ఒకరే పంతులు. క్రిస్మస్ నాటికి పిల్లలు వాక్యాలు కంఠతా పట్టి పదిమంది ముందు చెప్పాలి, పాటలు పాడాలి, గొల్లల వేషం, జ్ఞానుల వేషం కట్టాలి. ఆడపిల్లలు కూడా. ఎదురుగా కూర్చున్నది సొంత తల్లిదండ్రులే. దొరల ముందు తల ఎత్తి మాట్లాడటం నేరమైన వాడలో, బిడ్డ నిటారుగా నిలబడి గొంతెత్తి చదవటం ఎంత పెద్ద సంగతో ఊహించుకోవచ్చు.

దీనికి రెండో పక్కా ఉంది. మతం పుచ్చుకున్న మాదిగలు గ్రామదేవతల కొలువులకు డప్పు కొట్టమని తిరగబడ్డారు. వెట్టిని కాదనే ఆత్మగౌరవం అది. అయితే వెట్టితోపాటు డప్పును కూడా మిషన్ వాళ్లు పాత మతం సామాను కిందే జమకట్టారు. పిల్లవాడికి వేదిక దొరికింది గాని తండ్రి చేతిలోని వాద్యం దానిమీదికి ఎక్కలేదు.

ఈ రెండు లోకాల మధ్య నలిగిన మనిషి గుర్రం జాషువ. 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టాడు. తల్లి మాదిగ, తండ్రి యాదవ. కుర్రతనంలో మిషన్ బళ్లో నెలకు మూడు రూపాయల జీతానికి పంతులుగా చేశాడు. 1915-16లో రాజమండ్రిలో మూగ సినిమాలకు తెర పక్కన నిలబడి కథ చదివాడు. తర్వాత గుంటూరులో లూథరన్ చర్చి నడిపిన ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్లు పాఠం చెప్పాడు. సొంత ఊరు వినుకొండలో అవధాన సభ జరిగితే అక్కడ పద్యాలు చదివాడు. తక్కువ కులంవాణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు గొడవపెట్టి అవమానించారు. ఇటు చూస్తే, హిందూ పురాణ విషయాలు రాస్తున్నాడని క్రైస్తవ పెద్దలు సంఘం నుంచి వెలివేశారు. సభలో కూర్చునే హక్కు, రాయదలుచుకున్నది రాసే హక్కు రెండూ ఒకే మనిషి రెండు చోట్ల అడగాల్సి వచ్చింది. 1941 నాటి ‘గబ్బిలం’ తెలుగు వాచకాల్లోకి ఎక్కటం తర్వాతి మాట. పద్యం పాఠమైంది, అది పుట్టిన వాడ బడికి చుట్టం కాలేదు.

అసలు పల్నాట కళకు కరువెప్పుడొచ్చింది? పల్నాటి వీరకథను తరతరాలుగా పాడి నిలబెట్టినవాళ్లు మాల కులపు వీరవిద్యావంతులు. అమెరికా పరిశోధకుడు జీన్ రోగైర్ ఆలిశెట్టి గాలెయ్య పాడిన కథను ఆధారం చేసుకుని 1982లో ఇంగ్లీషులో పెద్ద పుస్తకమే వేశాడు. తమ బడి వార్షికోత్సవానికి వీరవిద్యావంతుణ్ణి ముఖ్య అతిథిగా పిలిచిన ప్రధానోపాధ్యాయుడు ఎవరన్నా ఉంటే ఆయన పేరు రాసిపెట్టుకోవాలి. బళ్లో వేషాల పోటీ పెడితే బ్రహ్మనాయుడు ఉంటాడు, నాగమ్మ ఉంటుంది, పుల్లరి పోరాటంలో 1922లో ప్రాణం పోగొట్టుకున్న కన్నెగంటి హనుమంతు ఉంటాడు. మాలదాసరి కన్నమదాసు వేషం ఎవరికిస్తారు? అసలు ఇస్తారా? ఇస్తే అది గౌరవమా, కులం చూసి వేసిన లెక్కా?

కారెంపూడిలో ఏటా కార్తీకంలో వీరుల ఉత్సవం అయిదు రోజులు జరుగుతుంది. మందపోరు రోజున చాపకూడు. కులాలన్నీ ఒకే చాప మీద తినటమనే బ్రహ్మనాయుడి సంప్రదాయమని చెప్తారు. ఉత్సవంలో ఒక్కరోజు గుర్తు చేసుకునే ఈ పని మన బళ్లలో రోజూ జరగాల్సింది. ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్న భోజనం 2003 జనవరిలో మొదలైంది. వంటవాళ్ల నియామకంలో దళితులకు ప్రాధాన్యమివ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లో చెప్పింది. మరుసటి ఏడాది థోరాట్, జోయెల్ లీ అచ్చువేసిన అధ్యయనం ఆంధ్రతో సహా అయిదు రాష్ట్రాల్లో దళిత వంటమనుషుల్ని అడ్డుకోవటాన్నీ, పిల్లల్ని విడిగా కూర్చోబెట్టటాన్నీ బయటపెట్టింది. పన్నెండో శతాబ్దంలో చాప పరిచారని గొప్పలు చెప్పుకునే రాష్ట్రం ఇది.

ఇక క్యాలెండరు సంగతి. ఆగస్టు 15, సెప్టెంబరు 5, నవంబరు 14, జనవరి 26 నిండు బడి రోజుల్లో వస్తాయి. జాషువ పుట్టినరోజు కొన్నేళ్లు దసరా సెలవుల అంచున పడుతుంది. అంబేద్కర్ జయంతి ఏప్రిల్ 14 ఒంటిపూట బడుల్లో, పరీక్షల హడావిడిలో సెలవు రోజుగా దాటిపోతుంది. ఎవరూ కావాలని పెట్టిన తేదీలు కావవి, నిజమే. సావిత్రీబాయి ఫూలే పుట్టినరోజు జనవరి 3 సంగతేమిటి మరి? బడి నడిచే కాలమేగా?

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా సర్కారు బళ్లలో తల్లిదండ్రులతో ఒకేరోజు సమావేశం జరిపారు. తల్లులకు ముగ్గులు, తండ్రులకు తాడులాట, అందరికీ భోజనం. బడి మొత్తం కలిసి చేసుకున్న పండుగే. ఇక్కడే చిక్కు. ఇప్పుడు సర్కారు ప్రాథమిక బళ్లలో ఎక్కువగా మిగిలింది దళిత, వెనకబడిన కులాల పిల్లలు. ఊళ్లో కాస్త ఉన్నవాళ్ల పిల్లలు పొద్దున్నే కాన్వెంటు బస్సెక్కిపోతారు. వేదిక చివరికి మన పిల్లల చేతికి వచ్చేసరికి ఎదురుగా కూర్చోవాల్సిన ఊరు లేచిపోయింది. దీన్ని గెలుపనాలో కొత్తరకం వెలి అనాలో మన పరిశోధన తేల్చాలి.

దానికి ముందు సామాను కూడబెట్టాలి. బడి బీరువాల్లో వార్షికోత్సవాల ఫోటోలు చెదలు పడుతున్నాయి. మాచర్ల, గురజాల, దాచేపల్లి పల్లెల్లో మిషన్ బళ్లో చదివిన ముసలివాళ్లు ఇంకా కొందరున్నారు. నక్షత్రం ఎవరు కట్టారు, కర్ర పెట్టెలాంటి ఆ వేదిక ఎవరి చేతి పని, అమ్మ ఏ వరసలో కూర్చుంది, పాట అయ్యాక ఊరి పెద్ద బహుమతిని చేతికిచ్చాడా, బల్ల మీద పెట్టి తీసుకోమన్నాడా అని వాళ్లను అడగాలి.