రాగి కాసు అసలు రంగు

పాత రాగి నాణేల బేరంలో ఎర్రగా మెరిసేదే మేలురకమనీ, నల్లబడినది నాసిరకమనీ ఒక నమ్మకం పాతుకుపోయింది. దానికి కొంత బలం అమెరికా నుంచి వచ్చింది. విలియం షెల్డన్ 1949లో అక్కడి తొలి రాగి సెంట్ల కోసం 1 నుంచి 70 దాకా అంకెల కొలమానం కట్టాడు. గ్రేడింగ్ సంస్థలు తర్వాత దాన్ని అన్ని నాణేలకూ వర్తింపజేసి, రాగికి ఎరుపు, ఎరుపు-గోధుమ, గోధుమ అని మూడు రంగు తరగతులు కూడా జోడించాయి. రంగుకు విడిగా మార్కులు వేయడం దగ్గరే చిక్కంతా ఉంది. రంగు నాణేనికి అలంకారం కాదు, అరుగుదలకు సాక్షి. ఆ రెండింటి వాంగ్మూలం కలిస్తేనే గ్రేడుకు విలువ. మద్రాసు ప్రెసిడెన్సీకి, ఉత్తర సర్కారులకు ఈస్టిండియా కంపెనీ కొట్టించిన రాగి నాణేలే ఇందుకు మంచి ఆధారం.

టంకసాల నుంచి బయటికొచ్చిన రాగి నారింజ కలిసిన గులాబీ రంగులో ఉంటుంది. గాలి తగిలేకొద్దీ ఆక్సైడ్ పొర కట్టి గోధుమకు తిరుగుతుంది. గాలిలో గంధకం ఉంటే ఇంకా నల్లబడుతుంది. ఈ మార్పు అంతటా ఒకేలా రాదు. 1803 నాటి పది కాసుల నాణెం మీద కంపెనీ చిహ్నాన్ని మోస్తున్న సింహాల్లాంటి ఎత్తు భాగాలకు వేళ్ల రాపిడి ఎక్కువ కాబట్టి, తొలి జిగి పోయేది అక్కడే. చివరిదాకా ఎరుపు దాక్కునేది అక్షరాల సందుల్లో. కాబట్టి సింహం అరిగి చదునై, ఆ చదునైన చోటే గులాబీ రంగు తళతళలాడుతుంటే అది పుట్టురంగు కాదు, ఏదో పులుపు తెచ్చిపెట్టిన మెరుపు. చింతపండుతో రాగి చెంబులు తోమే మన దేశంలో దాన్ని తప్పుపట్టడమెందుకు, అది కూడా నాణెం బతుకులో భాగమే కదా అని వాదించవచ్చు. చెంబు విషయంలో ఒప్పుకుంటాను. కానీ పులుపు కరిగించేది మురికినే కాదు. ఆ పొర కూడా ఒకప్పటి రాగే. అది పోతే అరుగుదల ఎంతో, తోముడు ఎంతో విడదీసి చెప్పే ఆధారం కూడా పోతుంది.

ఇక అచ్చు సంగతి. మచిలీపట్నం టంకసాలలో సుత్తితో కొట్టిన ‘డబ్బు’ అనే రాగి నాణేల మీద అక్షరాలు సగం బిళ్ల అంచు దాటిపోయి ఉంటాయి, కొన్నిచోట్ల అసలు పడనే పడవు. దాన్ని అరుగుదలగా లెక్కేస్తే ఏ చేతిలోనూ నలగని నాణేనికి కూడా తక్కువ గ్రేడే వస్తుంది. ఇక్కడ తీర్పు చెప్పేది మళ్లీ రంగూ, పైపొరా: అచ్చు పడని చోట బిళ్ల తొలి గరుకుతనం, చుట్టుపక్కల ఉన్న రంగే ఉంటాయి, అరిగిన చోట నున్నగా, వేరే ఛాయలో ఉంటుంది.

మాథ్యూ బౌల్టన్ బర్మింగ్‌హామ్ దగ్గర సోహోలో ఆవిరి యంత్రాలతో కొట్టిన నాణేల్లో ఆ గందరగోళం లేదు. ఉత్తర సర్కారుల కోసం రూపాయికి 48, రూపాయికి 96 అని నాణెం మీదే రాసి 1794లో, 1797లో ఆయన కొట్టినవి గుండ్రంగా, ఒకే కొలతలో ఉంటాయి. అయితే వేరే మెలిక ఉంది. సోహోలో కొన్ని ప్రత్యేక ప్రతుల బిళ్లలకు అచ్చు వేయకముందే గోధుమ రంగు పట్టించేవారు. అవి పుట్టిన రోజునే గోధుమ రంగువి, ఎన్నడూ ఎర్రగా లేనివి. ‘గోధుమ’ అన్న ముద్రతో వాటిని మామూలుగా నల్లబడిన నాణేల వరసలో కూర్చోబెట్టడం అన్యాయం. ఎరుపు తేవాలని రుద్దడమైతే నష్టమే.

కొనేవాళ్లు ఎరుపుకే డబ్బు పోస్తున్నప్పుడు ఈ చర్చతో పనేమిటన్నది గట్టి అభ్యంతరమే. అయితే ఎరుపు నిలకడలేని స్థితి. డబ్బీలో బిగించినా రాగి మారుతూనే ఉంటుంది. 1809 జనవరిలో ఇంగ్లండ్ తీరాన గుడ్విన్ ఇసుకమేటల మీద మునిగిన ‘అడ్మిరల్ గార్డ్‌నర్’ ఓడ సరుకు చూడండి. పీపాల్లో మద్రాసుకు బయల్దేరిన ఆ 1808 నాటి పది, ఇరవై కాసుల నాణేలు 1980లలో బయటికొచ్చాయి. ఒక్కటీ ఏ అంగడిలోనూ చెల్లలేదు కాబట్టి అరుగుదల లెక్కన అన్నీ కొత్తవే. కానీ పీపా అంచున ఉన్నవాటిని సముద్రపు ఉప్పు తినేసింది. మధ్యలో ఒత్తుకుని ఉన్నవి చాలా మెరుగ్గా దక్కాయి. ఒకే ఓడ, ఒకే సంవత్సరం, ఒకే అచ్చు. అంచు నాణేనికి 60కి పైబడిన అంకె వేసినా అబద్ధమే, 20 వేసినా అబద్ధమే. ‘చెలామణి కాలేదు, ఉప్పునీటికి గుంటలు పడ్డాయి’ అని మాటల్లో రాస్తే మాత్రం అందులో తప్పు పట్టడానికేమీ ఉండదు.