దువ్వాడ మండలి, కంటికి కనిపించని సరకు

ఆసియాలో తొలి ఎగుమతి ప్రక్రియ మండలి 1965లో కాండ్లాలో ఏర్పడగా, ఎగుమతి పరిశ్రమలకు సుంకాల మినహాయింపులిచ్చే అటువంటి మండలినే కేంద్ర ప్రభుత్వం 1989లో విశాఖపట్నం శివారు దువ్వాడలో నెలకొల్పింది. ఇలాంటి మండలి నుంచి రేవుకు చేరే పెట్టెను తూచి విలువ కట్టవచ్చు గాని, తీగల మీదుగా పోయే సాఫ్ట్‌వేర్‌కు ఆ వీలు లేదు. అందుకే కంపెనీ ప్రకటించిన విలువను అధికారులు ధ్రువీకరించే సాఫ్టెక్స్ పత్రం రిజర్వు బ్యాంకు నిబంధనల్లోకి వచ్చింది.

వీడియో గేముల ఆదాయ చరిత్రలోనూ ఇదే మలుపు కనిపిస్తుంది. డిస్కులు దుకాణాల్లో అమ్ముడైన కాలంలో ప్రతుల సంఖ్యను ధరతో హెచ్చవేసి, దుకాణదారు వాటానూ తిరిగివచ్చిన సరకునూ తీసివేస్తే ప్రచురణకర్త రాబడి ఉజ్జాయింపుగా తేలేది. ఆటను ఉచితంగా ఇచ్చి, అందులోని ఆయుధాలు, దుస్తుల వంటివి చిన్న మొత్తాలకు అమ్మే సూక్ష్మ చెల్లింపుల పద్ధతి వచ్చాక ఆ సూత్రం చాలలేదు. ఆడేవారెందరు, వారిలో కొనేవారెందరు, ఒక్కొక్కరి సగటు ఖర్చెంత అన్న మూడూ బయటివారికి అంచనాలే, పైగా కొద్దిమందే భారీగా ఖర్చు చేస్తారు గనుక సగటును నమ్మడం కష్టం. యాప్ స్టోర్లు చాలాకాలం 30 శాతం కమీషన్ తీసుకున్నందున, ఆటగాళ్లు చెల్లించిన మొత్తమంతా కంపెనీ చేతికి అందిందనుకోవడం పొరపాటు. ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించిన ఆన్‌లైన్ పందెపు ఆటల సొమ్మును కూడా ఈ రాబడిలో కలపకూడదు.